అయిదు రూపాయల బిళ్ళకి అయిదు లక్షలా?

పది రూపాయల బిళ్ళ పదికి చెల్లదంటాం. అయిదు రూపాయల బిళ్ళకి అయిదు లక్షలొస్తాయంటే మాత్రం నమ్మేస్తాం. మన జనం లెక్కలు నాకెప్పటికీ అర్థం కావు.

అతిశయోక్తి అనుకుంటున్నారా? కొన్నేళ్ళుగా మన రెండు రాష్ట్రాల్లోనూ చాలా ఊళ్ళలో పది రూపాయల బిళ్ళ ఇస్తే మొహం చిట్లిస్తారు. కిరాణా కొట్టాయన వద్దంటాడు, ఆటో అతను వద్దంటాడు, కూరగాయలమ్మే ఆవిడ అయితే బిళ్ళని ముట్టుకోను కూడా ముట్టుకోదు. "అది చెల్లట్లేదు బాబూ, నోటుంటే ఇయ్యి". ఎవరు చెప్పారమ్మా అంటే "అందరూ అంటున్నారు". సరే, ఆ కొట్టు బల్ల మీదే ఉన్న ఫోన్లో ఓ వీడియో తిరుగుతూ ఉంటుంది. "మీ ఇంట్లో ఈ అయిదు రూపాయల బిళ్ళ ఉందా? అయితే మీ దశ తిరిగినట్టే! వెంటనే ఈ నంబరుకి వాట్సాప్ చెయ్యండి". వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్ళ, దానికి ఒకడు అయిదు లక్షలంటాడు, ఇంకొకడు పది లక్షలంటాడు. పోటీ మరి!

నా ఉద్దేశంలో ఈ రెండూ ఒకే జబ్బు. బిళ్ళ అరచేతిలోనే ఉంటుంది. దాని మీద రాసింది చదవం, దాన్ని తిప్పి చూడం. ఎవరో అన్నది మాత్రం నమ్ముతాం. మొదటి రకం నమ్మకం వల్ల పెద్దగా పోయేదేం లేదు, కాస్త చిరాకు తప్ప. రెండో రకం వల్ల మాత్రం మన అమ్మానాన్నల, బాబాయిల, పిన్నుల అకౌంట్లు ఖాళీ అవుతున్నాయి. అందుకే ఈ టపా.

ముందే చెప్పేస్తున్నా, నేను నాణేల పండితుణ్ణి కాను. పగలంతా డేటాబేసులతో కుస్తీ పట్టే మామూలు సాఫ్ట్‌వేర్ గుమాస్తాని. కాకపోతే ఇంటర్ రోజుల్నించీ చిల్లర పోగేసే పిచ్చి ఒకటుంది. ఆ పిచ్చిలో తెలుసుకున్న నాలుగు ముక్కలే ఇక్కడ చెప్తున్నాను.

ముందు బిళ్ళని గుర్తు పట్టడం ఎలా?

మన భాషలో చెప్పాలంటే నాణేనికి ప్రైమరీ కీ ఒకటే కాలమ్ కాదు, కాంపోజిట్ కీ. ముఖ విలువ, సంవత్సరం, టంకశాల, లోహం, బొమ్మ. ఈ అయిదూ కలిస్తేనే అది ఫలానా బిళ్ళ అని చెప్పగలం. "నా దగ్గర పాత అయిదు రూపాయల బిళ్ళుంది, ఎంతొస్తుంది?" అని అడగడం, "మా వాడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, మీకు తెలుసా?" అని అడగడం లాంటిది :)

సంవత్సరం చదవడం అందరికీ వచ్చు. ఆ సంవత్సరం కింద, లేదా పక్కన, ఓ బుల్లి గుర్తుంటుంది. దాన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ. డైమండ్ ఆకారం ఉంటే ముంబై. చిన్న చుక్క ఉంటే నోయిడా. ఏమీ లేకపోతే కోల్‌కతా. నక్షత్రం ఉంటే మన హైదరాబాద్. హైదరాబాద్ టంకశాల 1803లో నిజాం సికిందర్ జా కాలంలో మొదలైంది, 1903లో సైఫాబాద్‌కి మారింది, 1997లో చర్లపల్లికి వెళ్ళింది. సైఫాబాద్ పాత భవనంలో 2022లో మ్యూజియం కూడా పెట్టారు. ఆఫీసుకి సెలవు పెట్టకుండా ఓ శనివారం వెళ్ళి చూడదగ్గ చోటు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, "నక్షత్రం ఉన్న నాణెం మీ దగ్గరుంటే అదృష్టమే" అనే వీడియోలు కూడా ఉన్నాయి. అయ్యా, నక్షత్రం ఉంటే అది చర్లపల్లిలో తయారైందని అర్థం, అంతే. ఘట్‌కేసర్ వెళ్ళే దారిలో ఉన్న ఊరు అంత అరుదైనదేం కాదు కదా.

అప్పుడప్పుడూ ఈ నాలుగూ కాని గుర్తులు కూడా కనిపిస్తాయి. దేశంలో చిల్లర కరువొచ్చినప్పుడు, అంటే 1980ల మధ్యలో ఒకసారి, 1990ల చివర్లో ఇంకోసారి, మన ప్రభుత్వం విదేశాల్లో బిళ్ళలు కొట్టించింది. 2000 సంవత్సరం రెండు రూపాయల బిళ్ళల్లో కొన్నిటి మీద మాస్కో టంకశాల గుర్తుగా మూడు బుల్లి రష్యన్ అక్షరాలుంటాయి. ఆ రోజుల్లోనే స్లొవేకియాలోనూ, మెక్సికోలోనూ కొట్టిన రూపాయి బిళ్ళలున్నాయి. మన ఆన్‌సైట్ యోగం మన కంటే ముందు మన రూపాయికి పట్టిందన్నమాట, కాకపోతే అది అక్కణ్ణించి ఇటొచ్చింది.

ఇక లోహం. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు, ఫ్రిజ్ తలుపుకి అంటించే అయస్కాంతం చాలు. అయిదు రూపాయల బిళ్ళనే తీసుకోండి. 1992 నుంచి వచ్చిన మందపాటి తెల్ల బిళ్ళ గుర్తుందా? అది రాగి, నికెల్ కలిసిన లోహం, 9 గ్రాములు, అయస్కాంతానికి అంటుకోదు. 2007లో దాన్ని పలచన చేసి స్టెయిన్‌లెస్ స్టీల్‌లో వేశారు, బరువు 6 గ్రాములకి దిగింది, అయస్కాంతం చూపిస్తే టక్కున అతుక్కుంటుంది. 2009 నుంచి పసుపు రంగు నికెల్ బ్రాస్ వచ్చింది, అది మళ్ళీ అంటుకోదు. చూశారా, రెండు దశాబ్దాల్లోపే మూడు లోహాలు. లోహాల ధరలు పెరిగిన కొద్దీ బిళ్ళ చిక్కిపోతూ వచ్చింది. పాత మందపాటి బిళ్ళలో ఉన్న లోహం విలువ అయిదు రూపాయలు దాటిపోయిందని, వాటిని కరిగించేస్తున్నారని అప్పట్లో చాలా గొడవ జరిగింది. మీకు ఇప్పుడు ఆ ఐడియా వస్తోందేమో, 2011 నాటి నాణేల చట్టం ప్రకారం బిళ్ళల్ని కరిగించడం నేరం. గుర్తు పెట్టుకోండి.

చివరిది బొమ్మ. మామూలు బిళ్ళ కాకుండా ఎవరి జ్ఞాపకార్థమో, ఏదో సందర్భానికో వేసేవి స్మారక నాణేలు. ఇక్కడే అసలు గందరగోళం. బొమ్మ మారేసరికి జనం అదేదో అపురూపం అనుకుంటారు. దండి యాత్రకి 75 ఏళ్ళు నిండాయని వేశారు, తిలక్ బొమ్మతో వేశారు, మదర్ థెరిసా బొమ్మతో వేశారు, తంజావూరు బృహదీశ్వరాలయానికి వెయ్యేళ్ళని వేశారు, ఆఖరికి ఆదాయప్పన్ను శాఖకి 150 ఏళ్ళని కూడా వేశారు. (మన జీతంలోంచి కోసుకున్నది చాలక మన జేబులో బిళ్ళ మీద కూడా వాళ్ళే!) ఇవన్నీ అయిదు రూపాయల బిళ్ళలే. అన్నీ మామూలు చలామణి కోసం వేసినవే.

పది రూపాయల బిళ్ళ గొడవ కూడా ఇక్కడే పుట్టింది. మొదటి రకం మీద 2005 అని ఉంటుంది. తరవాత పదిహేను కిరణాలతో ఒకటొచ్చింది. 2010లో రూపాయి గుర్తు ఖరారయ్యాక 2011 నుంచి ఆ గుర్తుతో, పది కిరణాలతో ఇంకోటొచ్చింది. ఇవి కాక మధ్యలో బోలెడు స్మారక నాణేలు. "పది గీతలున్నది అసలు, పదిహేను గీతలున్నది నకిలీ" అని ఎవరో పుట్టించారు. గుర్తు లేనిది దొంగదని ఇంకెవరో పుట్టించారు. గుర్తు లేదంటే అది గుర్తు పుట్టకముందు వేసిందని అర్థం, అంతే కదా! 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు ప్రకటన ఇచ్చింది, అప్పటిదాకా 14 రకాల పది రూపాయల బిళ్ళలు విడుదల చేశామని, అన్నీ చెల్లుతాయని. వింటేగా! పాత వెర్షన్ ఫైల్ తెరుచుకోకపోతే అది వైరస్ అనేవాళ్ళకీ వీళ్ళకీ తేడా లేదు.

ఇక ఖరీదు సంగతి

గుర్తు పట్టాం. ఇప్పుడు ఎంత చేస్తుంది? దీనికి మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఎన్ని ఉన్నాయి? ఏ స్థితిలో ఉంది? ఎవరైనా నిజంగా కొన్నారా?

మొదటిది, ఎన్ని ఉన్నాయి. చాలామంది "పాతది కాబట్టి ఖరీదు" అనుకుంటారు. వయసుకీ ధరకీ మనం అనుకున్నంత చుట్టరికం లేదు. శాతవాహనుల కాలం నాటి సీసపు నాణేలు, దగ్గర దగ్గర రెండు వేల ఏళ్ళ పాతవి, వాటిల్లో మామూలు రకాలు లక్షలేం పలకవు. అదే 1939 సంవత్సరం వేసి ఉన్న ఆరో జార్జి వెండి రూపాయి, వయసు ఎనభై ఏళ్ళ పైచిలుకే, నాణేలు సేకరించేవాళ్ళు దాని కోసం పడి చస్తారు. ఎందుకంటే ఆ సంవత్సరం రూపాయలు బయటికొచ్చినవి చాలా తక్కువ. 1940 రూపాయి కోసం అలా ఎవరూ కొట్టుకోరు. ఒక్క ఏడాది తేడా! కాబట్టి ముఖ్యమైంది పుట్టిన తేదీ కాదు, తోబుట్టువులెంతమంది అన్నది.

రెండోది, స్థితి. ఒకే బిళ్ళ, ఒకటి బస్సు కండక్టర్ సంచిలో పదేళ్ళు తిరిగింది, ఇంకోటి టంకశాల సంచీలోంచి నేరుగా బీరువాలోకి వెళ్ళింది. రెండిటికీ ఒక ధర ఎలా ఉంటుంది? సేకర్తలు దీనికి 70 మార్కుల పట్టిక వాడతారు, 1949లో విలియం షెల్డన్ అనే ఆయన పెట్టింది. అస్సలు చలామణిలో తిరగని బిళ్ళకి 60 నుంచి 70 వరకూ వేస్తారు. మన జేబులో తిరిగే బిళ్ళలు ఆ గీతకి కిందే ఉంటాయి. అక్షరాల అంచులు అరిగాయా, సింహాల జూలు కనిపిస్తోందా, గీతలు పడ్డాయా, ఇవి చూడాలి. పది రూపాయల భూతద్దం చాలు.

ఇక్కడో విన్నపం. దయచేసి పాత బిళ్ళ దొరికిందని చింతపండు పెట్టి తోమకండి! ఇటుక పొడి, టూత్‌పేస్టు, నిమ్మకాయ ఉప్పు, ఏదీ వద్దు. మన అమ్మలకి ఇత్తడి చెంబైనా, నాణేమైనా తళతళ మెరవాల్సిందే. తోమితే పై పొర పోతుంది, సన్నటి గీతలు పడతాయి, కొనేవాడికి అది క్షణంలో తెలిసిపోతుంది. నిజంగా ఖరీదైన బిళ్ళ అయినా తోమిన మరుక్షణం దాని ధర పడిపోతుంది. నల్లగా ఉంటే నల్లగానే ఉండనివ్వండి.

మూడో ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. ఎవరైనా నిజంగా కొన్నారా? "ఈబేలో చూశాను, ఈ బిళ్ళకి రెండు లక్షలు పెట్టాడు" అంటారు. పెట్టాడు సరే, కొన్నదెవరు? మీరు నౌక్రీలో ఎక్స్‌పెక్టెడ్ సీటీసీ 60 లక్షలు అని రాసుకోవచ్చు, ఎవరూ ఆపరు. ఆఫర్ లెటర్ మీద ఎంత వచ్చిందన్నదే కదా మీ ధర. బిళ్ళకీ అంతే. ఈబేలో అమ్ముడుపోయిన వాటిని మాత్రమే చూపించే ఫిల్టర్ ఉంది, అది పెట్టి చూడండి. లక్షలన్నీ ఆవిరైపోయి పదుల్లో, వందల్లో అంకెలు మిగుల్తాయి. అది కూడా కొత్త మెరుపు పోని బిళ్ళలకి. మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు, అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని. డీలర్ అమ్మే ధర వేరు, అదే డీలర్ మీ దగ్గర కొనే ధర వేరు. మధ్యలో ఉన్నదే అతని భోజనం.

ఇప్పుడు మన వైష్ణోదేవి బిళ్ళకి ఈ మూడూ వేసి చూద్దాం. వైష్ణోదేవి ఆలయ బోర్డు ఏర్పడి పాతికేళ్ళయిన సందర్భంగా 2012 సంవత్సరంతో అయిదు రూపాయలవీ, పది రూపాయలవీ వేశారు. చలామణి కోసం వేసినవి, బ్యాంకుల ద్వారా జనంలోకి వచ్చినవి. మీ దగ్గరున్నది అరిగిపోయి ఉంటుంది, ఎందుకంటే అది మీ దగ్గరికి చిల్లరలో వచ్చింది. చిల్లరలో వచ్చిందంటేనే అంత అరుదైంది కాదని తేలిపోవట్లేదూ? మరి అమ్మితే? స్మారక నాణేల మీద సరదా ఉన్నవాడు ముఖ విలువ మీద కాస్త ఎక్కువిస్తాడు. మాట పదుల్లో ఉంటుంది. లక్షల్లో కాదు, వేలల్లో కూడా కాదు.

అయితే చిల్లరలో అపురూపాలు అస్సలుండవా? ఉంటాయి. టంకశాలలో పొరపాటున అచ్చు పక్కకి జరిగి పడ్డవి, ఒక బిళ్ళ కోసం కోసిన లోహం మీద ఇంకో బిళ్ళ అచ్చు పడ్డవి, ఇలాంటి బగ్గులు తనిఖీ దాటుకుని ప్రొడక్షన్లోకి వచ్చేస్తుంటాయి. వాటికి సేకర్తల్లో గిరాకీ ఉంది. కానీ టంకశాలలో జరిగిన తప్పు వేరు, బయటికొచ్చాక రైలు పట్టాల మీద పెట్టి నలగ్గొట్టింది వేరు. మొదటిది ఎర్రర్, రెండోది డ్యామేజ్. వీడియోల్లో చూపించేవాటిల్లో రెండో రకమే ఎక్కువ.

అసలు కథ ఇక్కడుంది

ఇంత లెక్క ఎందుకు చెప్పానంటే, ఆ వీడియోలు పెట్టేవాడికి మీ బిళ్ళ అక్కర్లేదు. వాడికి కావాల్సింది మీ ఫోన్ నంబరు.

మా బంధువుల్లో ఒకాయన, వరసకి నాకు పెదనాన్న. టీచరుగా రిటైరయ్యారు. జీవితమంతా రూపాయి రూపాయి లెక్క రాసుకున్న మనిషి, ఇప్పటికీ పాల లెక్క క్యాలెండర్ మీద వేస్తారు. ఆయన దగ్గర ఇలాంటి బిళ్ళలు రెండున్నాయి. వాట్సాప్‌లో ఫోటో పంపారు. పది నిమిషాల్లో ఫోన్. చాలా మర్యాదగా, తెలుగులోనే. "మీ బిళ్ళలు మా నిపుణులు చూశారు సార్, రెండిటికీ కలిపి తొమ్మిది లక్షల నలభై వేలు ఖరారైంది. రిజిస్ట్రేషన్ 1,850 కట్టాలి." కట్టారు. మర్నాడు రిజర్వు బ్యాంకు ముద్రతో ఓ ఉత్తరం వచ్చింది, గవర్నర్ సంతకంతో సహా. దాంతో పాటు జీఎస్టీ పేరుతో 7,500. అది కట్టాక ఇన్సూరెన్స్, ఆ తరవాత డబ్బు తెచ్చే బండి ఖర్చు. ఆయన ఆగేసరికి ముప్పై ఒక్క వేలు దాటింది.

ఆగారు గానీ ఎవరికీ చెప్పలేదు. నాలుగు నెలలు మనసులోనే పెట్టుకున్నారు. పెద్దమ్మ బ్యాంకు పాస్‌బుక్ ప్రింటు వేయిస్తే బయటపడింది. ఇంట్లో కుర్రాళ్ళు కొందరు నవ్వారు కూడా. "ఇంత చదువుకుని ఎలా నమ్మావు పెదనాన్నా" అని. ఆయన ఒకటే మాటన్నారు. "రిజర్వు బ్యాంకు పేరుండేసరికి నమ్మాన్రా". జీవితమంతా ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితాన్ని గౌరవించిన తరం అది. ఆ గౌరవాన్నే వాడు పెట్టుబడిగా వాడుకున్నాడు.

నిజానికి రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 4న దీని గురించే ప్రకటన ఇచ్చింది. పాత నోట్లు, నాణేల కొనుగోళ్ళు, అమ్మకాల్లో మేం లేం, కమిషన్లూ ఛార్జీలూ ఎవరి దగ్గరా అడగం, మా పేరుతో వసూలు చెయ్యమని ఎవరికీ అధికారం ఇవ్వలేదు అని సారాంశం. కానీ ఆ ప్రకటన ఎంతమంది పెదనాన్నల ఫోన్లకి చేరింది? వీడియో మాత్రం అందరికీ చేరింది. దానికి తోడు కొన్ని వార్తా సైట్లు కూడా తక్కువ తినలేదు. "ఈ నాణెం ఉంటే మీరు లక్షాధికారులే" అని హెడ్డింగు, లోపలెక్కడో ఆఖరి లైన్లో "ఇది మేము ధ్రువీకరించడం లేదు" అని. ధ్రువీకరించనప్పుడు రాయడమెందుకయ్యా? నాలుగు క్లిక్కుల కోసం మోసగాడికి ఉచితంగా ప్రచారం చేసి పెట్టడమే కదా ఇది. నా దృష్టిలో ఆ పాపంలో వాళ్ళకీ వాటా ఉంది.

ఇది కొత్త విద్య కూడా కాదు. మన ప్రాంతంలో "రైస్ పుల్లింగ్" అని ఓ మోసం ఎప్పట్నించో ఉంది. పాత రాగి చెంబు, లేదా ఈస్టిండియా కంపెనీ నాణెం, బియ్యపు గింజల్ని లాగుతుందట, కోట్లు పలుకుతుందట. పోలీసులు ఎన్ని కేసులు పెట్టినా మళ్ళీ మళ్ళీ పుడుతూనే ఉంటుంది. 1818 అని వేసి రాముడి పట్టాభిషేకం బొమ్మతో తిరిగే ఆ "అర్ధణా"లు కంపెనీ వేసినవే కావు, తరవాతెవరో తయారు చేసి వదిలినవి. అప్పుడు బియ్యం లాగే బిళ్ళ, ఇప్పుడు లక్షలు లాగే బిళ్ళ. రెండూ లాగేది మాత్రం మన జేబులోంచే.

మరి మనమేం చెయ్యాలి?

"అయిదు రూపాయల బిళ్ళ దాచుకుంటే నష్టమేంటి, వస్తే వస్తాయి" అని మీరనొచ్చు. దాచుకోవడంలో నష్టమేం లేదు, మహా అయితే అయిదు రూపాయలు. నేను చెప్పేది డబ్బు ఏ వైపుకి వెళ్తోందో చూడమని. మీరు అమ్మేవాళ్ళు. అంటే డబ్బు మీ వైపు రావాలి. రిజిస్ట్రేషన్ అనో, పన్ను అనో, మీ దగ్గర్నించి ఒక్క రూపాయి అడిగారంటే అక్కడితో ఆ బేరం అయిపోయినట్టే, ఫోన్ పెట్టెయ్యండి. ఇంట్లో పెద్దవాళ్ళకి నాణేల శాస్త్రం అంతా చెప్పక్కర్లేదు, ఈ ఒక్క ముక్క చెప్పండి. దాంతో పాటు, డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదని కూడా. ఒకవేళ ఇప్పటికే కట్టేసి ఉంటే 1930కి ఫోన్ చెయ్యాలి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. పరువు పోతుందని నాలుగు నెలలు ఆగితే ఆ డబ్బు ఎన్ని అకౌంట్లు మారిపోతుందో మనకి తెలుసు.

ఇంకోటి, నవ్వకండి. మనం ఫిషింగ్ మెయిల్ గురించి ప్రతి ఏడాదీ ఆఫీసులో బలవంతపు ట్రైనింగ్ తీసుకుంటాం, చివర్లో పది ప్రశ్నల క్విజ్ రాస్తాం, అయినా ప్రతి టీమ్‌లోనూ ఒకడు లింకు నొక్కుతాడు. మన అమ్మానాన్నలకి ఆ ట్రైనింగ్ ఎవరిచ్చారు? స్మార్ట్‌ఫోన్ కొనిచ్చింది మనం, యూపీఐ పెట్టిచ్చింది మనం, "ఇంక నీకు బ్యాంకుకెళ్ళే పని లేదు నాన్నా" అని గొప్పగా చెప్పింది మనం. యూజర్ మాన్యువల్ ఇవ్వకుండా ప్రొడక్షన్లో పెట్టేసి, యూజర్ తప్పు చేశాడంటే ఎలా?

పై సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఓ పని చెయ్యండి. ప్రతి ఇంట్లోనూ ఓ పోపుల డబ్బానో, పాత పౌడర్ డబ్బానో చిల్లరతో నిండి ఉంటుంది. అది చాప మీద బోర్లించండి. ఓ అయస్కాంతం, ఓ భూతద్దం. పిల్లల్నీ పెద్దవాళ్ళనీ కూర్చోబెట్టండి. డైమండ్‌లు ఒక పక్క, నక్షత్రాలు ఒక పక్క. అంటుకునేవి ఇటు, అంటుకోనివి అటు. మాస్కోది దొరికితే చిన్నవాళ్ళకి పండగే. 2011 జూన్ 30తో చలామణిలోంచి వెళ్ళిపోయిన పావలాలు దొరుకుతాయి, పావలాకి ఏమేం వచ్చేవో అమ్మ చెప్తుంది. ఓ గంట తర్వాత వాళ్ళకే అర్థమవుతుంది, వీటిల్లో లక్షలు లేవని. ఆ తరవాత ఎవడు ఫోన్ చేసినా "మా దగ్గరున్నది చర్లపల్లిది బాబూ, అలాంటివి డబ్బా నిండా ఉన్నాయి" అని వాళ్ళే చెప్పేస్తారు.

మీ డబ్బాలో ఏం దొరికాయో కింద రాయండి. ఎంతొస్తుందని మాత్రం నన్నడగొద్దు, అయిదు రూపాయల బిళ్ళకి నేనిచ్చేది అయిదు రూపాయలే :)